చేతి దగ్గరే పెరిగే తాడు

కోనసీమలో కొబ్బరి పీచుతో తాడు పేనేవారిని గమనించినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. రాట్నానికి తగిలించి ఉన్నది అన్నిటికంటే ముందు పేనిన కొస. పేనే మనిషి వెనక్కి నడుస్తూ చేతి దగ్గర పీచు అందిస్తూ ఉంటే, కొత్త పీచు ఎప్పుడూ ఆ చేతికీ అప్పటివరకు తయారైన తాడుకీ మధ్యనే చేరుతుంది. తాడు ఎంత పొడవు సాగినా అది పెరిగే చోటు ఆ వేళ్ల దగ్గరే. గోదావరి పాయల్లో పడవలు కట్టే ప్లాస్టిక్ తాడు, భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో వాడే పాలిథిన్ వలల దారం, ధాన్యం నింపే ప్లాస్టిక్ గోతం, ఇవన్నీ అణువుల స్థాయిలో సరిగ్గా ఇదే పద్ధతిలో పెరిగినవని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు. అక్కడ చేతి పని చేసేది ఒక లోహ పరమాణువు.

పీచు స్థానంలో ఉండేవి ఓలిఫిన్లు, అంటే కార్బన్ల మధ్య ద్విబంధం ఉన్న అణువులు. వీటిలో అతి సరళమైన ఇథిలీన్‌లో రెండే కార్బన్లు, వాటి మధ్య ఒక ద్విబంధం ఉంటాయి. ఆ ద్విబంధంలో ఒకటి విడిపోతే, ఖాళీ అయిన రెండు కొసలతో అణువులు ఒకదానికొకటి గొలుసుగా అతుక్కోగలవు. అయితే అది తనంతట తాను జరగదు. 1933లో ఇంగ్లండులో తొలిసారి పాలిథిన్ తయారైనప్పుడు వెయ్యి వాతావరణాలను, అంటే మామూలు గాలి పీడనానికి వెయ్యి రెట్లను, మించిన పీడనం కావలసి వచ్చింది. పైగా ఆ పద్ధతిలో వచ్చిన గొలుసులకు కొమ్మలు ఎక్కువ కనుక అవి దగ్గరగా సర్దుకోలేక పదార్థం మెత్తగా ఉండేది.

జర్మనీలోని మ్యూల్‌హైమ్ పట్టణంలో బొగ్గు పరిశోధన సంస్థకు అధిపతిగా ఉన్న కార్ల్ జీగ్లర్ మరో దారి పట్టాడు. ఆయన చేతిలో ఉన్నది ట్రైఇథైల్ అల్యూమినియం, అంటే రెండేసి కార్బన్లున్న మూడు ఇథైల్ సమూహాలను పట్టుకొని ఉన్న అల్యూమినియం పరమాణువు. దీన్ని సుమారు 100 డిగ్రీల వేడిలో, 100 వాతావరణాల పీడనంలో ఇథిలీన్‌తో కలిపితే, ఇథిలీన్ అణువు అల్యూమినియానికీ దాన్ని అంటిపెట్టుకొన్న కార్బన్‌కూ మధ్య దూరుతుంది. ఒక్కో అణువు దూరినప్పుడల్లా గొలుసు రెండేసి కార్బన్లు పెరుగుతుంది. కనుక ఇక్కడ తయారయ్యేవన్నీ సరిసంఖ్య కార్బన్ల గొలుసులే. ఈ గొలుసులకు గాలి తగిలించి, తర్వాత నీటితో విడదీస్తే డిటర్జెంట్లకు పనికివచ్చే పొడవాటి ఆల్కహాల్‌లు వస్తాయి. మన కొబ్బరి నూనెలోని కొవ్వు ఆమ్లాలలో దాదాపు సగం 12 కార్బన్ల లారిక్ ఆమ్లమే. చెట్టు కూడా ఆ గొలుసును రెండేసి కార్బన్ల చొప్పునే కడుతుంది. కాయలో జరిగే పనికీ ఉక్కు పాత్రలో జరిగే పనికీ ఉన్న ఈ పోలిక నాకెంతో ఇష్టం.

అల్యూమినియం ఒంటరిగా మాత్రం గొలుసును చాలా పొడవు పెంచలేదు. గొలుసులో లోహం నుంచి రెండో కార్బన్ మీదున్న హైడ్రోజన్ కొంతసేపటికి లోహం మీదికి జారిపోవడంతో గొలుసు ఊడిపోతుంది. ఒకసారి అది మరీ విచిత్రంగా, ఒకే ఒక్క అణువు చేరగానే ఊడిపోయి నాలుగు కార్బన్ల బ్యూటీన్‌గా మిగిలింది. కారణం వెతికితే పాత్రలో మిగిలిన నికెల్ జాడ బయటపడింది. ఒక లోహపు జాడ గొలుసును తెంచగలిగితే మరో లోహం దాన్ని పెంచవచ్చునేమో అని జీగ్లర్ బృందం లోహాలను వరుసగా పరీక్షించింది. జిర్కోనియం ఆశ చూపింది. 1953లో టైటానియం టెట్రాక్లోరైడ్ కలిపినప్పుడు మామూలు వాతావరణ పీడనంలోనే, కొమ్మలు దాదాపు లేని నిటారు గొలుసులతో గట్టి పాలిథిన్ వచ్చింది.

ఈ అల్యూమినియం, టైటానియం జంటలో గొలుసు ఏ లోహం మీద పెరుగుతుందన్న చర్చ కొన్నేళ్లు నడిచింది. పెరిగేది టైటానియం మీదే అన్నది తర్వాత స్థిరపడిన అభిప్రాయం. అంతమాత్రాన అల్యూమినియం చేసేది చిన్న పని అనుకోకూడదు. అది తన ఇథైల్ సమూహాన్ని టైటానియానికి అందించి మొదటి కొసను సమకూరుస్తుంది, ప్రతిగా ఒక క్లోరిన్‌ను తీసుకొని టైటానియం ఆవేశ స్థితిని తగ్గిస్తుంది, చుట్టూ ఉన్న నీటి జాడలను తానే మింగి టైటానియాన్ని కాపాడుతుంది. అలా సిద్ధమైన టైటానియం పక్కన ఒక ఖాళీ చోటు ఉంటుంది. ఇథిలీన్ తన ద్విబంధంతో వచ్చి అక్కడ ఆనుకుంటుంది, పక్కనున్న గొలుసు దాని మీదికి మారుతుంది, గొలుసు విడిచిన చోటు ఇప్పుడు ఖాళీ అవుతుంది. మళ్లీ మరో అణువు వస్తుంది. ఇలా వేల సార్లు జరుగుతుంది. గొలుసు పొడవు తగ్గించాలంటే కర్మాగారంలో కొద్దిగా హైడ్రోజన్ వాయువు పంపుతారు.

1954 మార్చిలో ఇటలీలోని మిలాన్‌లో జూలియో నట్టా ఇదే తరహా ఉత్ప్రేరకంతో ప్రొపిలీన్‌ను గొలుసు కట్టాడు. ప్రొపిలీన్‌కు పక్కన ఒక్క కార్బన్‌తో మిథైల్ అనే కొమ్మ ఉంటుంది. టైటానియం క్లోరైడ్ స్ఫటికం ఉపరితలం మీద ఆ ఖాళీ చోటు ఇరుకైనది కనుక అణువు ఒకే వైపు నుంచి దూరగలుగుతుంది, మిథైల్ కొమ్మలన్నీ ఒకే తీరులో అమరుతాయి. అందువల్లే పాలిప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల వరకు కరగకుండా నిలుస్తుంది. దానితో పేనిన తాడు నీటి మీద తేలుతుంది కూడా. జీగ్లర్, నట్టాలకు 1963లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ట్రైఇథైల్ అల్యూమినియం గాలి తగిలితే దానంతటదే మండుతుంది, నీరు తగిలితే పేలినట్లు చర్య జరుపుతుంది. డెల్టా గాలిలోని తేమకు ఒక చుక్కను వదిలినా ప్రమాదమే. అందుకే నీటిని ఈ రంగంలో చాలాకాలం శత్రువుగానే చూశారు. హాంబర్గ్‌లో హాన్స్‌యోర్గ్ జిన్, వాల్టర్ కామిన్‌స్కీ 1970ల చివర దీనికి విరుద్ధమైన సంగతి గమనించారు. ట్రైమిథైల్ అల్యూమినియానికి తగు మోతాదులో నీరు చేర్చితే మిథైల్ అల్యూమినాక్సేన్ అనే పదార్థం ఏర్పడుతుంది, దాని తోడుతో జిర్కోనియం సమ్మేళనం అంతకుముందు ఊహించనంత వేగంగా ఇథిలీన్‌ను గొలుసు కడుతుంది. ఈ పదార్థం జిర్కోనియం నుంచి ఒక మిథైల్‌ను ఊడదీసి, దాన్ని ధనావేశంతో, ఖాళీ చోటుతో నిలబెడుతుంది. తాను రుణావేశంతో దగ్గరే ఉన్నా ఆ చోటును ఆక్రమించకుండా ఎడంగా ఉండిపోతుంది. ఒక్కో జిర్కోనియం పరమాణువుకు వెయ్యి, అంతకుమించి అల్యూమినియం పరమాణువులు వాడవలసి వచ్చేది. అయితే ప్రతి జిర్కోనియం చుట్టూ ఉండే అమరిక ఒకటే కనుక, వచ్చే గొలుసులు కూడా పొడవులో ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి.