"ఏ పేజీలో ఉంది?": బ్రిటిష్ క్లాసిక్స్, క్లాసు ప్రాజెక్టులు – అపోహలు, వాస్తవాలు

హైస్కూలు పిల్లలకు ఇంగ్లిష్ సాహిత్యం చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో, షేక్‌స్పియర్ నాటకం 'మాక్‌బెత్' అయిపోగానే, ఆయన నాటకాలు ఆడిన గ్లోబ్ థియేటర్ నమూనా చేసుకురమ్మన్నాను. అట్టలు, పుల్లలు, జిగురు. ఒక జట్టయితే పైకప్పుకి నిజం గడ్డే అంటించింది. స్టాఫ్‌రూంలో అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు ఆ జట్టులో ఒకణ్ణి లేపి, మాక్‌బెత్ డంకన్ రాజును చంపడం స్టేజీ మీద ఎందుకు చూపించలేదంటావ్ అని అడిగాను. "చూపించలేదా మేడమ్?" అన్నాడు. తప్పు వాడిది కాదు. నేనిచ్చిన పనికి నాటకం తెరవాల్సిన అవసరమే లేదు మరి.

అప్పటినుంచి ఏ ప్రాజెక్టునైనా ఒకే ప్రశ్నతో తూచి చూసుకుంటున్నాను. పుస్తకం తెరవకుండా దీన్ని పూర్తి చేసేయొచ్చా? చేసేయొచ్చంటే అది మంచి హస్తకళే కావచ్చు గానీ సాహిత్యం క్లాసులో దానికి పనిలేదు. ఈ పద్ధతి గురించి తోటి టీచర్లూ తల్లిదండ్రులూ తరచూ అనే మాటలు కొన్నిటికి నా జవాబులు ఇవి.

అపోహ: ప్రాజెక్టంటే బొమ్మలు గీయించి కాలక్షేపం చేయడం.

గీసేవాడి పక్కన పుస్తకం తెరిచి ఉంటే బొమ్మంత మంచి పాఠం లేదు. 'ఫ్రాంకెన్‌స్టైన్' మొదలుపెట్టక ముందే ఆ వికృతాకారాన్ని గీయమంటాను. ఏ క్లాసైనా అదే వరస. ఆకుపచ్చ ఒళ్ళు, చదును నెత్తి, మెడకి రెండు బోల్టులు, కింద పేరు ఫ్రాంకెన్‌స్టైన్ అని. ఆ నెత్తీ ఆ బోల్టులూ 1931 నాటి హాలీవుడ్ సినిమావి. 1818లో అచ్చయిన మేరీ షెల్లీ నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ అనేది తయారుచేసినవాడి పేరు. తయారైనదానికి పేరే లేదు.

తర్వాత ప్రాణం పోసే ఘట్టం చదివి మళ్ళీ గీయమంటాను. కింది కండరాలూ రక్తనాళాలూ దాగీ దాగనట్టున్న పసుపు చర్మం, నిగనిగలాడే నల్లటి జుట్టు, ముత్యాల్లాంటి పళ్ళు, నీళ్ళు నిండిన పాలిపోయిన కళ్ళు, నల్లటి పెదాలు. పెన్సిల్ సగంలో ఆగిపోతుంది. "మేడమ్, ఇది అందంగా ఉండాలా, భయంకరంగా ఉండాలా?" నాకు కావాల్సింది ఆ ప్రశ్నే. అందమైన అవయవాలే ఏరి కూర్చానని, తయారుచేసిన విక్టర్ ఫ్రాంకెన్‌స్టైనే చెబుతాడు. మరి ఆ వర్ణన ఎవరి నోట వింటున్నాం? దాన్ని చూసి పారిపోయినవాడి నోట. ఇక మూడో బొమ్మ, నీటిమడుగులో తన ముఖం తాను చూసుకున్నప్పటిది. అక్కడికొచ్చేసరికి కథ చెప్పేవాడు మారితే కథ ఎలా మారుతుందో నేను ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, మూడు కాగితాలూ పక్కపక్కన పెడితే చాలు.

అపోహ: షేక్‌స్పియర్‌ది ఓల్డ్ ఇంగ్లిష్, ముందు తేలిక వచనం చదివించాలి.

ఓల్డ్ ఇంగ్లిష్ అంటే 'బేవుల్ఫ్' అనే ప్రాచీన కావ్యం నాటి భాష. నేర్చుకోనివారికి అందులో ఒక్క వాక్యం కొరుకుడు పడదు. షేక్‌స్పియర్‌ది తొలి ఆధునిక ఇంగ్లిష్. కష్టమే, కాదనను. తేలిక వచనాలూ కొత్తవి కావు, షేక్‌స్పియర్ నాటకాలను చార్లెస్, మేరీ లాంబ్‌లు వచనంలో చెప్పిన కథలు 1807 నుంచీ ఉన్నాయి. చిక్కల్లా ఎక్కడంటే, వచనంలో కథ మిగులుతుంది గానీ మాట మీద మాట పడే ఊపు మిగలదు.

ఆ రోజుల్లో నటుడికి నాటకం మొత్తం రాసిచ్చేవారు కాదు. తన మాటలు, వాటికి ముందు అవతలివాడి చివరి మాటలు రెండో మూడో, అంతే. నేనూ అలాగే చీటీలు రాసిస్తాను. హత్య చేసి మాక్‌బెత్ మెట్లు దిగొచ్చే చోటు, రెండో అంకం రెండో రంగం. మాక్‌బెత్ చీటీలో "...స్పీక్" అని, దాని పక్కన "వెన్?" అని ఉంటుంది. కింద "...నౌ", పక్కన "యాజ్ ఐ డిసెండెడ్?" మాక్‌బెత్ భార్య వేషం వేసే అవతలి పిల్ల ఎప్పుడు ఆ మాట అంటుందో తెలియదు కాబట్టి చెవులు రిక్కించి వినాల్సిందే. రెండోసారి చదివేటప్పటికి గొంతులు వాటంతటవే గుసగుసల్లోకి దిగిపోయాయి. అర్థాలు బోర్డు మీద రాయాల్సిన పని పడలేదు. ఇద్దరూ భయపడుతున్నారని క్లాసంతటికీ వినబడింది.

అయితే ప్రతి రంగమూ ఇలా నడవదు. పొడవాటి స్వగతాలకు ఈ పద్ధతి దండగ. అక్కడ నేను కూడా బోర్డూ చాక్‌పీసూ పట్టుకుంటాను.

అపోహ: ఈ కాలానికి తెచ్చి చూపిస్తేనే పిల్లలకు ఎక్కుతుంది.

జేన్ ఆస్టెన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నాయకుడు డార్సీకి సోషల్ మీడియా పేజీ తయారుచేయించడం టీచర్లకు మహా ఇష్టం. ఒకప్పుడు నేనూ చేయించాను. గుర్రం ఫోటో, కోట ఫోటో, 'పొగరుగా ఫీలవుతున్నాను' అని ఒక పోస్టు. నెట్‌లో కథాసంగ్రహం పది నిమిషాలు చదివితే అయిపోయే పని.

ఇప్పుడు 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' కి జమాఖర్చుల పుస్తకం రాయిస్తున్నాను. ఎవరెవరికి ఏడాదికి ఎంత వస్తుందో నవలలోంచే ఏరాలి, ఎవరు ఎక్కడ చెప్పారో పక్కన రాయాలి. డార్సీకి 10,000 పౌండ్లు. నాయిక ఎలిజబెత్ తండ్రి బెన్నెట్ గారి ఎస్టేటు మీద 2,000, కానీ మగపిల్లలు లేనందువల్ల ఆయన తర్వాత అది కాలిన్స్ అనే బంధువు పాలు. ఇక ఎలిజబెత్ వాటా? ఆ లెక్క సాక్షాత్తూ కాలిన్సే, ఆమెతో పెళ్ళి ప్రస్తావన తెచ్చిన నోటితోనే చెబుతాడు. నాలుగు శాతం వడ్డీ మీద 1,000 పౌండ్లు, అదీ తల్లి పోయాక. లెక్కల పీరియడ్ గుర్తొచ్చినట్టు క్లాసంతా గుణిస్తుంది. ఏడాదికి 40 పౌండ్లు. "డార్సీకి ఇందులో 250 రెట్లు మేడమ్!"

అంతవరకూ కాలిన్స్‌ని కట్టుకున్నందుకు ఎలిజబెత్ స్నేహితురాలు షార్లెట్ లూకస్‌ని చూసి నవ్విన ఆడపిల్లలు ఆ అంకె కింద గీత గీశాక నవ్వలేదు. షార్లెట్‌కి 27 ఏళ్ళు, చేతిలో పెద్దగా ఏమీ లేదు. ఆ కాలాన్ని ఈ కాలంలోకి లాక్కొచ్చే పని లేకుండానే వాళ్ళే అక్కడికి వెళ్ళారు.

అపోహ: క్లాసిక్ ముగింపును పిల్లల చేత మార్చి రాయించడం అపచారం.

డికెన్సే మార్చాడు. ఆయన నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' 1860 డిసెంబర్ నుంచి 1861 ఆగస్టు దాకా పత్రికలో వారం వారం వచ్చింది. మొదట రాసిన ముగింపులో, కథానాయకుడు పిప్ ప్రేమించిన ఎస్టెల్లా ఒక డాక్టర్ని మళ్ళీ పెళ్ళి చేసుకుంటుంది. లండన్ వీధిలో పిప్ ఎదురుపడితే రెండు మాటలు మాట్లాడుకుని విడిపోతారు. తోటి నవలాకారుడు బుల్వర్-లిట్టన్ అది అచ్చుకు ముందే చదివి మార్చమంటే మార్చాడు. మనం చదివేది ఆ రెండోది.

నేను చివరి అధ్యాయానికి ముందు ఆపేసి, పిల్లల చేత ముగింపు రాయించి, ఆ తర్వాతే ఆ రెండూ చూపిస్తాను. షరతు ఒక్కటే, అంతకుముందు జరిగినదాన్ని కాదనకూడదు. ఒకమ్మాయి చక్కగా రాసింది. ఎస్టెల్లాను పెంచిన మిస్ హావిషమ్ ఇంట్లో తొమ్మిదికి ఇరవై నిమిషాల ముందు ఆగిపోయిన గడియారాన్ని పిప్ మళ్ళీ నడిపిస్తాడట. క్లాసు చప్పట్లు కొట్టింది. వెనక బెంచీ నుంచి ఒకడు, "ఆ ఇంటిని పాత సామాన్ల కింద అమ్మి కూల్చేస్తున్నారు కదా, ఇంకా గడియారం ఎక్కడిది?" అన్నాడు. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. వెనక్కి తిప్పి ఆ ముందు అధ్యాయం మళ్ళీ చదివింది. మూడు రోజుల తర్వాత కొత్త ముగింపు తెచ్చింది. అందులో కూల్చిన ఇంటి రాళ్ళ మధ్య గడియారం ముల్లు ఒక్కటే దొరుకుతుంది. నాకైతే అచ్చులో ఉన్నదానికంటే అదే నచ్చింది, డికెన్స్ అభిమానులు క్షమించాలి.

అపోహ: జట్లుగా చేస్తే అందరూ పనిచేస్తారు.

చేయరు. నలుగురి జట్టులో ఒకరు చేస్తారు, ఇద్దరు ఫోటో దిగుతారు, నాలుగోవాడు ఆ రోజు సెలవు. చీటీల నాటకం తప్ప మిగతావన్నీ ఒక్కొక్కరి చేత విడివిడిగానే చేయిస్తాను.

అపోహ: ఇలాంటివాటికి మార్కులు వేయడం కుదరదు.

బొమ్మకి వేయాలనుకుంటే నిజంగానే కుదరదు. నేను బొమ్మకి వేయను. ప్రతి ప్రాజెక్టుతో పాటు ఒక కాగితం ఇవ్వాలి. నువ్వు తీసుకున్న ఐదు నిర్ణయాలు, ఒక్కోదానికీ ఆధారమైన వాక్యం, అది ఏ పేజీలో ఉందో. మార్కుల్లో ఎక్కువ భాగం ఆ కాగితానిదే.

మొన్న 'మాక్‌బెత్' విందు రంగానికి పోస్టర్లు వేయించాను. అందులో మాక్‌బెత్ చంపించిన బాంకో దయ్యమై వచ్చి కూర్చుంటాడు, మాక్‌బెత్‌కి తప్ప ఎవరికీ కనబడడు. రక్తమోడే బాంకో దయ్యాలు రంగురంగుల్లో వచ్చాయి. ఒకబ్బాయి మాత్రం తెల్లకాగితం మధ్యలో పెన్సిల్‌తో వంకర కుర్చీ ఒకటి గీసి తెచ్చాడు. అందరికంటే ఎక్కువ మార్కులు వాడికే వచ్చాయి. "ఒక్క కుర్చీకా మేడమ్?" అని గొడవ మొదలైంది. జవాబు నన్ను చెప్పనివ్వలేదు వాడు. కాగితం తీసి, మూడో అంకం నాలుగో రంగంలో నువ్వు చూస్తున్నది ఉత్త పీటనే అని లేడీ మాక్‌బెత్ మొగుణ్ణి గద్దించే వాక్యం పైకి చదివాడు. "పోస్టర్ ఆవిడ వైపు నుంచి వేశాను," అన్నాడు.