ఎసట్లో బియ్యపు గింజ

చిట్టీ, కిట్టూ,

మీ ఇద్దరి ఉత్తరమూ అందింది. ఉత్తరమంటే మీ నాన్న ఫోన్లో పెట్టిన ఫొటోనే, అయినా చేత్తో రాశారు కాబట్టి ఉత్తరమనే అంటాను. క్విజ్ కోసం కెనడీ గురించి చదువుతుంటే ఆయన చెల్లెలి సంగతి కనబడిందని రాసింది చిట్టి. "మబ్బులోకి వెళ్తే విమానం విరిగిపోయిందట. మబ్బంటే ఆవిరే కదా తాతయ్యా, ఆవిరి రెక్కనెలా విరుస్తుంది?" అని అడిగింది. మంచి ప్రశ్న. రెండు రోజులు ఆలోచిస్తే గానీ నాకు జవాబు దొరకలేదు.

ముందు కథ చెప్తాను. ఆ అమ్మాయి పేరు కేథలీన్. పెళ్లయిన నాలుగు నెలలకే, 1944లో, ఆమె భర్త బెల్జియంలో యుద్ధంలో పోయాడు. అంతకు నెల ముందే ఆమె పెద్దన్న, అంటే కెనడీకి కూడా అన్న, ఎక్కిన విమానం ఆకాశంలోనే పేలిపోయింది. ఇంత జరిగాక కూడా ఆమె ఇంగ్లండులోనే ఉండిపోయింది. 1948 మే 13న, తను పెళ్లి చేసుకోవాలనుకుంటున్న ఫిట్జ్‌విలియం అనే ఆయనతో కలిసి లండన్ పక్కనున్న క్రాయిడన్ నుంచి ఫ్రాన్సు దక్షిణ తీరంలోని కాన్ అనే ఊరికి బయలుదేరింది. అద్దెకు తీసుకున్న చిన్న విమానం. డి హావిలాండ్ కంపెనీవాళ్లు యుద్ధం ముగిసిన ఏడాదే ఎగరేసిన 'డవ్', అంటే పావురం. రెండు ఇంజన్లు, ఎనిమిది మందికి చోటు, మొత్తం బరువు నాలుగు టన్నుల లోపు. మన వాయుసేన కూడా ఆ పావురాన్నే డెవాన్ అన్న పేరుతో చాలాకాలం వాడుకుంది.

పారిస్ దగ్గర పెట్రోలు కోసం దిగారు. కాసేపట్లో బయలుదేరాల్సినవాళ్లు ఊళ్లోకి వెళ్లి స్నేహితులతో భోజనానికి కూర్చున్నారు. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. సాయంత్రానికి దారిలో ఉన్న రోన్ నది లోయ మీద ఉరుముల వాన ఉందని వాతావరణం వాళ్లు చెప్పారు. పైలట్‌కి ఆ ప్రయాణం ఇష్టం లేదనీ, ఆయన్ని ఒప్పించి బయలుదేరదీశారనీ అంటారు. లేచిన విమానం కాన్ చేరలేదు. ఆర్దెష్ కొండల్లో, సేంట్ బోజిల్ అనే పల్లె దగ్గర కూలింది. నలుగురూ పోయారు. కేథలీన్‌కి ఇరవై ఎనిమిదేళ్లు.

ఇప్పుడు నీ ప్రశ్నకొస్తాను. మీ ఇంట్లో కుక్కర్ కాబట్టి మీకు ఎసరంటే తెలియదు. పోయిన సంక్రాంతికి నానమ్మ కట్టెల పొయ్యి మీద ఇత్తడి తపేలాలో అన్నం వండింది గుర్తుందా? బియ్యం పోశాక కిట్టు తొంగిచూసి "తాతయ్యా, గింజలు డాన్సు చేస్తున్నాయి" అన్నాడు. మధ్యలో గింజ బుడబుడమంటూ పైకి లేస్తుంది, పైకొచ్చి పక్కకి జరిగి అంచు వెంబడి మళ్లీ కిందికి మునుగుతుంది. ఉరుముల మబ్బంటే అదే. మే నెల ఎండకి కాలిన నేల పొయ్యి. దాని మీది తడి గాలి ఎసరు. మధ్యలో గాలి పైకి తన్నుతుంది, చల్లబడి వాన మోసుకుంటూ పక్క నుంచి కిందికి దూకుతుంది. తపేలాకి మూత ఉన్నట్టే దీనికీ ఉంది. పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తున ఇక పైకి పోలేక కమ్మరి దాగలిలా పక్కలకి పరుచుకుంటుంది. డవ్ ఎగురుతున్నది సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తులో. అంటే సరిగ్గా ఎసట్లో. అదే మన బియ్యపు గింజ.

ఇంకో వింత. మన ఎసరుకి మంట ఎగదోయకపోతే చల్లారిపోతుంది. మబ్బులో మాత్రం ఆవిరి నీళ్లుగా మారుతున్నప్పుడు తనలో దాచుకున్న వేడిని వదిలేస్తుంది, ఆ వేడికి గాలి ఇంకా పైకి తన్నుకుపోతుంది. అంటే ఎసరే తన పొయ్యిని తాను రాజేసుకుంటుంది! ఇలాంటి తపేలా మీ నానమ్మకి దొరికితే గ్యాస్ బండ ఖర్చు మిగిలేది. పెద్ద మబ్బుల్లో ఆ పైకి తన్నే గాలి గంటకు వంద కిలోమీటర్లు దాటడమూ ఉంది. గాలి మెత్తనే తల్లీ, తుపానుకి కొబ్బరిచెట్టు మెలితిరిగిపోవడం చూసినవాళ్లనడుగు ఎంత మెత్తనో.

అయినా రెక్క విరగడానికి ఇది సగమే కారణం. ఒప్పులకుప్ప ఆడి ఆగగానే నేల గిర్రున తిరుగుతుంది కదా? నువ్వు ఆగినా, చెవి లోపలున్న కాస్త నీరు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అదే మోసం. కళ్లు తెరిచి గుమ్మాన్నో గోడనో చూస్తే సర్దుకుంటుంది. మబ్బులో గుమ్మం లేదు, గోడ లేదు, నేల ఏదో ఆకాశం ఏదో తెలియదు. అంతా బూడిద రంగు. విమానం ముక్కు కిందికి వాలిందో పైకి లేచిందో ఒళ్లు చెప్పేది నమ్మడానికి లేదు. ముందున్న మీటర్లలోని ముళ్లను నమ్మాలి. అంత కుదుపులో ఆ ముళ్లు చదవడమూ కష్టమే. డవ్ మబ్బులోంచి బయటపడేసరికి కిందికి దూసుకుపోతోంది, ఎదురుగా కొండ. పైలట్ ఒక్కసారిగా పైకి లాగాడు. మీరైనా నేనైనా అదే చేస్తాం.

ఇక్కడ నా తపేలా పనిచేయదు, గింజకి రెక్కలుండవు. కాబట్టి నూతి దగ్గరికి రండి. నిండు బొక్కెనని మెల్లగా తోడితే పాత తాడైనా వస్తుంది. సగం దాకా జారవిడిచి ఒక్క గుంజు గుంజితే ఫట్‌మంటుంది. బొక్కెన బరువు పెరగలేదు, ఆ గుంజుకి తాడు మీద బరువు పెరిగింది. డవ్ రెక్క కూడా అలాగే తట్టుకోలేక ఊడిపోయింది. అంటే మబ్బొక్కటే విరవలేదు చిట్టీ. మబ్బు కళ్లు మూసింది, వేగం బరువు పెంచింది, ఆ లాగుడు తెంచింది.

ఇది రాస్తుంటే మా సఖినేటిపల్లి రేవు గుర్తొచ్చింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు నరసాపురంలో మా మేనత్త కూతురి పెళ్లి. సాయంత్రం గోదావరి దాటాలి. లాంచీ ఎక్కి కూర్చున్నాం. నా ఒళ్లో అరిసెల డబ్బా. సరంగు, అంటే లాంచీ నడిపే అతను, పడమటి వైపు ఓసారి చూసి చుట్ట ముట్టించుకుని "ఇప్పుడెల్లదు" అన్నాడు. మా నాన్న బతిమాలారు, అరిచారు, రెట్టింపు డబ్బులిస్తానన్నారు. పెళ్లివారమంతా సరంగు మీద పడ్డాం. అతను ఉలకలేదు, పలకలేదు. గంటన్నర గడిచింది. ఆ మబ్బు ఎటో పోయింది. చుక్క వాన పడలేదు! ముహూర్తం దాటిపోయింది. మేం వెళ్లేసరికి పందిట్లో విస్తళ్లు ఎత్తేస్తున్నారు. ఆ సరంగుని మా నాన్న చాలా ఏళ్లు తిట్టుకున్నారు.

పెద్దయ్యాక నాకు తట్టింది. ఆగినవాడి దగ్గర సాక్ష్యం ఉండదు. ఆ వేళ లాంచీ వదిలుంటే ఏమయ్యేదో మాకెవరికీ తెలియదు. పారిస్‌లో ఆ పైలట్ "ఇప్పుడెల్లదు" అని కూర్చుని ఉంటే వాళ్లు మర్నాడు కాన్ చేరి, ఒక పూట పాడుచేశాడని అతన్ని తిట్టుకునేవారేమో. మీరు ఆటోవాలానో స్కూలు బస్సు అంకుల్‌నో "తొందరగా పోనీ" అన్నప్పుడు ఆ సరంగుని ఓసారి తలుచుకోండి. సరే, నీతులు చాలు.

కేథలీన్‌ని ఇంగ్లండులోనే అత్తగారి ఊళ్లో, చాట్స్‌వర్త్ పక్కన సమాధి చేశారు. పుట్టింటి నుంచి తండ్రి ఒక్కడే వచ్చాడు. 1963 జూన్‌లో, అమెరికా అధ్యక్షుడి హోదాలో, అన్నయ్య కెనడీ ఆ సమాధి దగ్గరికి వెళ్లాడు. ఆ నవంబర్లో ఆయనా పోయాడు.

కిట్టు రాజమండ్రి విమానం ఊగినందుకు భయపడ్డాడని రాశావు. ఇప్పటి విమానం ముక్కులో రాడార్ ఉంటుందిరా, ముందున్న వానని తెర మీద చూపిస్తే పైలట్ చుట్టూ తిరిగి వెళ్తాడు. డవ్‌కి ఆ కన్ను లేదు. 2009లో రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కూలినప్పుడు టీవీల్లో క్యుములోనింబస్, క్యుములోనింబస్ అని ఒకటే మోత. మా వీధి చివర టీ కొట్టతను కూడా ఆ మాట నోరు తిరగకపోయినా అనేవాడు. అదే ఈ మబ్బు.

చూడాలనుంటే రేపు నాలుగింటికి డాబా ఎక్కండి. దూరాన కాలీఫ్లవర్ పువ్వులా తెల్లగా పైకి లేస్తున్న మబ్బొకటి ఉంటే, వాటర్ ట్యాంకు పైపుని గుర్తు పెట్టుకుని దాని నెత్తి ఎక్కడుందో చూడండి. కదలకుండా పది నిమిషాలు చూడండి, ఫోన్ కింద పెట్టి. మళ్లీ పైపుతో పోల్చండి. ఎంత పెరిగిందో నాకు రాయండి. ఉరుము వినబడితే మాత్రం అమ్మ పిలిచేదాకా ఆగకుండా కిందికి దిగిపోండి.

మీ తాతయ్య