సాక్షి కథకుడు: దూరం, చేరువల గురించి కొన్ని అపోహలు

నవలలు రాస్తున్న యువతీయువకుల రాతప్రతులను హనుమకొండలో కొన్నేళ్ళుగా చదువుతున్నాను. నాయకుడి కథను అతని స్నేహితుడో పొరుగువాడో ఉత్తమ పురుషలో చెప్పే నవలల్లో, అంటే సాక్షి కథకుడున్న నవలల్లో, కొన్ని పొరపాట్లు మళ్ళీ మళ్ళీ ఎదురవుతున్నాయి. వాటికి మూలమైన అపోహలు ఇవి.

అపోహ: సాక్షి ఏ పక్షమూ వహించకుండా చూసింది చూసినట్టు చెప్పాలి.

వాస్తవం: 1847లో వెలువడిన ‘వుదరింగ్ హైట్స్’ అనే ఆంగ్ల నవలలో కథను ఎక్కువ భాగం చెప్పేది నెల్లీ డీన్ అనే పనిమనిషి. హీత్‌క్లిఫ్‌ను పెళ్ళాడితే తన స్థాయి దిగజారుతుందని క్యాథరిన్ అంటున్నప్పుడు అతను చాటున విని లేచి వెళ్ళిపోవడం నెల్లీ కంటపడుతుంది. అతనంటే తనకున్న ప్రేమను క్యాథరిన్ ఆ తర్వాతనే చెబుతుంది, అది వినడానికి అతను అక్కడ లేడు. నెల్లీ వెంటనే నోరు విప్పదు. ఆ మౌనం కూడా కథలో ఒక చర్యే. ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ (1925)లో తొందరపడి తీర్పులు చెప్పనని మొదట్లోనే చెప్పుకునే కథకుడు నిక్, ఒకప్పటి ప్రేమికులైన గాట్స్‌బీ, డైసీలు మళ్ళీ కలుసుకోవడానికి తన ఇంట్లోనే ఏర్పాటు చేస్తాడు. కథలో సాక్షికి చేయి ఉండడం దోషం కాదు, ఆ చేయి ఎక్కడుందో రచయితకు తెలియకపోవడమే దోషం.

అపోహ: కథకుడు కన్నీరు పెడితే పాఠకుడూ పెడతాడు.

వాస్తవం: వరంగల్‌లోని ఒకప్పటి ఆజంజాహీ బట్టల మిల్లు కార్మికుడు మల్లయ్య కథను పొరుగింటి కుర్రవాడి చేత చెప్పిస్తూ నేను రాసిన మొదటి ప్రతిలో ఆ కుర్రవాడు ప్రతి అధ్యాయం చివరా ఏడ్చేవాడు. చదివిన మిత్రుడు ఒకే మాట అడిగాడు: “ఇందులో మల్లయ్య ఏడి?” ఏడుపు వాక్యాలన్నీ కొట్టేసి, షిఫ్టు దిగి వచ్చిన మల్లయ్య సైకిల్‌ను గోడకు ఆనించి, తలలో చిక్కుకున్న దూదిపింజలను దులుపుకునే తీరును రాసిన తర్వాతే అతను కనిపించాడు. ఒగ్గుకథ చెప్పేవారు పాత్రగా మారి దుఃఖిస్తారు, డోలు మోగగానే తిరిగి కథకులవుతారు. ఒగ్గుకథలు వినిపించే ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్ళే విద్యార్థులకు ఆ తిరిగి రావడాన్నే గమనించమని చెబుతాను.

అపోహ: దూరం అంటే పొడిపొడి వాక్యాలు.

వాస్తవం: దూరం ప్రధానంగా కాలానికి, ఎరుకకు సంబంధించినది. ఆనాడు చూసిన ‘నేను’, ఈనాడు చెబుతున్న ‘నేను’ ఒకరు కారు. ఇద్దరి మధ్య ఎన్నేళ్ళు గడిచాయో రచయిత ముందే తేల్చుకోవాలి. ఆ ఎడాన్ని చూపడానికి మన భాషలో చక్కని సాధనాలున్నాయి. ‘మల్లయ్య ఆ రాత్రి మిల్లుకు వెళ్ళాడు’ అంటే సాక్షి చూశాడు. ‘వెళ్ళాడట’ అంటే విన్నాడు. ‘వెళ్ళాడు కాబోలు’ అంటే ఊహిస్తున్నాడు. ‘మా వాడకట్టు’ అన్నప్పుడు పాఠకుడు బయట నిలబడతాడు, ‘మన వాడకట్టు’ అనగానే అతన్నీ లోపలికి పిలిచినట్టవుతుంది. ‘వాడు’, ‘అతను’, ‘ఆయన’ అనే మూడు మాటల మధ్య ఒక స్నేహం చరిత్ర మొత్తం ఇముడుతుంది. ఇటీవల చదివిన ఒక రాతప్రతిలో మూడో అధ్యాయంలో ‘వాడు’గా ఉన్న మిత్రుడు ఐదో అధ్యాయానికి ‘ఆయన’ అయ్యాడు. నాలుగో అధ్యాయంలో వారిద్దరి మధ్య ఏం జరిగిందని అడిగితే, ఆ యువ రచయిత్రి ఆ అధ్యాయాన్ని మళ్ళీ రాయడానికి తీసుకువెళ్ళింది.