టీవీ ముందు ఆరడుగుల జాగా

వీడియో గేమ్స్ ఆడేవాళ్ల మధ్య కినెక్ట్ మాట, అంటే ఒంటి కదలికలు చూసి గేమ్ నడిపే మైక్రోసాఫ్ట్ కెమెరా పరికరం మాట వస్తే ఇప్పటికీ వాదన తెగదు. అంత వేగంగా అమ్ముడుపోయిన వస్తువు ఏడేళ్లకే మూలపడటానికి కారణం ధరా, భయమా, ఇళ్లలో చోటు లేకపోవడమా? నా లెక్కలో మూడూ కారణాలే, కానీ వాటికంటే వెనకటి ప్రశ్న ఒకటుంది. ఆడేవాడి చేతిలో ఏదైనా ఉండాలా, చెయ్యి ఖాళీగా ఉండాలా?

మొదట చేతికే తొడిగారు. 1989లో నింటెండో గేమ్స్ కోసం మాటెల్ కంపెనీ పవర్ గ్లవ్ అమ్మింది. తొడుగులోంచి వచ్చే, చెవికి వినపడని శబ్దాన్ని టీవీ చుట్టూ అమర్చిన రిసీవర్లు పట్టి చెయ్యి ఎక్కడుందో లెక్క కట్టేవి. చూడ్డానికి భలే ఉండేది, దాంతో ఆడటం మాత్రం నరకం.

2003లో సోనీ తన ప్లేస్టేషన్ 2 కన్సోల్‌కి, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టెకి, ఐటాయ్ అనే కెమెరా తెచ్చింది. అది మామూలు వెబ్‌క్యామ్ లాంటిదే. బొమ్మలో ఏ భాగం కదిలిందో దానికి తెలుసు, కదిలింది చెయ్యో తలో తెలియదు. గదిలో వెలుతురు తగ్గితే ఇక అంతే సంగతులు.

2006లో వచ్చిన నింటెండో కన్సోల్ వీ (Wii) మళ్లీ చేతికి రిమోట్ ఇచ్చింది. టీవీ దగ్గర పెట్టే సన్నటి పట్టీ పేరు సెన్సర్ బార్. పేరు చూసి మోసపోకూడదు, అందులో ఉన్నవి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతినిచ్చే ఎల్‌ఈడీలే. వాటిని చూసే కెమెరా రిమోట్ కొసన ఉంది. కొవ్వొత్తి మంటలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, అందుకే బార్ లేనప్పుడు రెండు కొవ్వొత్తులు వెలిగించి పని కానిచ్చినవాళ్లున్నారు! ఊపు ఎంతని పసిగట్టే యాక్సెలరోమీటర్ కూడా రిమోట్‌లోనే. జనం ఎంత ఊగిపోయారంటే, మణికట్టు తాళ్లు తెగి రిమోట్లు ఎగిరిపోయాయి. ఆ డిసెంబరులోనే సుమారు 32 లక్షల తాళ్లకు బదులు మందపాటివి ఇస్తామని కంపెనీ ప్రకటించింది. అయినా వీ కన్సోళ్లు మొత్తం 10 కోట్లు దాటాయి.

చేతిలో అసలు ఏమీ ఉండకూడదన్నది మైక్రోసాఫ్ట్ పట్టుదల. 2009 జూన్‌లో కినెక్ట్‌ను ప్రాజెక్ట్ నటాల్ పేరుతో చూపించారు. ఆ పేరు దాని రూపకర్తల్లో ఒకరైన అలెక్స్ కిప్‌మన్ సొంత దేశం బ్రెజిల్‌లోని ఒక ఊరిది. 2010 నవంబరులో కినెక్ట్‌గా విడుదలై, 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడుపోయింది.

లోపలి కిటుకు ఇజ్రాయెల్ కంపెనీ ప్రైమ్‌సెన్స్‌ది. పరికరం గది మీద ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు చల్లుతుంది. గోడ మీద, సోఫా మీద, మనిషి పొట్ట మీద అంతటా చుక్కలే. నైట్ విజన్ కెమెరాతో చూస్తే ముత్యాల ముగ్గులా కనిపిస్తుంది. ఉండాల్సిన చోటి నుంచి చుక్క ఎంత పక్కకి జరిగిందో కెమెరాతో చూసి, అది పడిన చోటు ఎంత దూరమో లెక్క తేలుస్తుంది. ఇది మోచెయ్యి, ఇది మోకాలు అని గుర్తుపట్టడం కేంబ్రిడ్జ్‌లోని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కంప్యూటర్లో తయారుచేసిన లక్షల బొమ్మలతో నేర్పించారు.

చిక్కల్లా జాగాతో. ఒక్కరైతే ఆరడుగులు, ఇద్దరైతే ఎనిమిదడుగులు వెనక్కి జరగాలి. మన అపార్ట్‌మెంట్ హాళ్లలో టీపాయ్ వంటింట్లోకి, దివాన్ బెడ్రూంలోకి వెళ్తేగానీ కుదరదు.

2013లో మైక్రోసాఫ్ట్ కొత్త కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్‌తో కినెక్ట్‌ను తప్పనిసరి చేశారు. 499 డాలర్లు. పోటీదారు ప్లేస్టేషన్ 4 ధర 399. పైగా కినెక్ట్ తగిలించకపోతే కన్సోల్ పనిచేయదన్నారు. ఆ ఏడాది జూన్‌లోనే అమెరికా నిఘా గురించి, ఆ నిఘా సంస్థకు పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన సంగతులు పేపర్ల నిండా ఉన్నాయి. హాల్లో ఎప్పుడూ వింటూ ఉండే మైకు, ఎదురుగా కెమెరా అంటే ఎవరికి టెన్షన్ ఉండదు? ఆగస్టులో ఆ షరతు తీసేశారు. 2014 జూన్ నుంచి కినెక్ట్ లేకుండా 399కే అమ్మారు. ఇక గేమ్ కంపెనీలు మాత్రం దానికోసం ఎందుకు కష్టపడతాయి? 2017 అక్టోబరులో తయారీ ఆగిపోయింది.

ప్రైమ్‌సెన్స్‌ను 2013లోనే ఆపిల్ కొనేసింది. కినెక్ట్ తయారీ ఆగిన మరుసటి నెల ఐఫోన్ ఎక్స్ అమ్మకానికి వచ్చింది. తాళం తీయడానికి అది యజమాని ముఖం మీద 30 వేలకు పైగా ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు వేస్తుంది.