అడవి సరస్సుకు పోషకాలు అందించేది ఒడ్డు అవతలి నేలే

అడవి మధ్యలో ఉన్న సరస్సు నాచు పెరిగి ఉన్నట్టుండి పచ్చబడితే అందరి చూపూ ముందు నీళ్ళ మీదికే పోతుంది. శాంపిల్ తీస్తారు, భాస్వరం ఎంతుందో, నత్రజని ఎంతుందో కొలుస్తారు. కొలవాల్సిందే. కానీ వాటిలో చాలా భాగం చుట్టూ ఉన్న రాయి, మట్టి, చెట్ల నుంచి వాన నీటితో దిగివచ్చినదే. ఇప్పుడు చెబితే తేలికగా ఒప్పుకునే ఈ సంగతి శాస్త్రవేత్తలకు స్పష్టపడటానికి దాదాపు వందేళ్ళు పట్టింది.

1887లో అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ ఫోర్బ్స్ సరస్సును తనంతట తాను నడిచే చిన్న ప్రపంచంగా వర్ణించాడు. ఎంతో ఆకట్టుకున్న ఆలోచన అది. అయితే ఒడ్డు దాటి చూడాలన్న అవసరాన్ని అది కొంత మరుగుపరిచిందని నాకనిపిస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో స్వీడన్‌లో ఐనార్ నౌమన్ సరస్సులను మరోలా చూశాడు. గ్రానైట్ రాతి నేలల్లోని సరస్సుల్లో నాచు తక్కువ, సున్నం కలిసిన బంకమట్టి మైదానాల్లోని సరస్సుల్లో ఎక్కువ. అంటే తేడాకు మూలం నేలలోనే ఉంది. జర్మనీకి చెందిన ఆగస్ట్ టీనెమన్‌తో కలిసి ఆయన 1922లో మంచినీటి శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘాన్ని స్థాపించాడు. పోషకాలు తక్కువున్నవి, ఎక్కువున్నవి, చిత్తడి నేలల నుంచి వచ్చే గోధుమ రంగు నీళ్ళవి అని సరస్సులను విడదీసే పద్ధతి అప్పటిదే.

నౌమన్ చూపించింది రాయి, మట్టి ప్రభావం. ఆ నేల మీద ఏ చెట్టు ఉందన్నది కూడా ముఖ్యమేనని తేలడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. కాలిఫోర్నియాలోని కాజిల్ లేక్ ఒడ్డున ఆల్డర్ చెట్లు ఒక పక్కనే గుబురుగా ఉంటాయి. వాటి వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తాయి. ఆ చెట్ల కింద నుంచి వచ్చే ఊటనీటిలో నత్రజని ఎక్కువని, ఆ వైపు నాచు ఎదుగుదలకు అది తోడ్పడుతోందని చార్లెస్ గోల్డ్‌మన్ 1961లో ప్రచురించాడు.

ఉన్న చెట్లను తీసేస్తే ఏమవుతుంది? దీనికి అన్నిటికన్నా గట్టి జవాబు అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో ఉన్న హబ్బర్డ్ బ్రూక్ అడవి నుంచి వచ్చింది. జీన్ లైకెన్స్, హెర్బర్ట్ బోర్మన్ బృందం 1965 చివర్లో ఒక చిన్న వాగుకు నీరిచ్చే వాలు మొత్తంలో చెట్లన్నీ నరికించి, కలపను అక్కడే వదిలేసింది. మళ్ళీ మొలకలు రాకుండా మూడు వేసవులు కలుపుమందు చల్లారు. వాగులో నైట్రేట్ (నత్రజని నీటిలో కరిగి ఉండే ఒక రూపం) పదుల రెట్లు పెరిగి, తాగునీటి పరిమితిని కూడా దాటింది. కారణం ఎరువులు కాదు. రాలిన ఆకులు కుళ్ళి నత్రజనిని ఎప్పటిలాగే విడుదల చేస్తున్నాయి, దాన్ని పీల్చుకునే వేళ్ళే లేవు. నేలలోని బాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మార్చింది, నైట్రేట్ నీళ్ళతో పోతూ కాల్షియం, పొటాషియంలను కూడా వెంట తీసుకుపోయింది. ఆకుల ద్వారా ఆవిరయ్యే నీరు కూడా మిగిలిపోవడంతో ప్రవాహమే పెరిగింది. అడవి రోజూ ఎంత పోషకాన్ని పట్టి ఉంచుతోందో, అది లేనప్పుడు గానీ లెక్క తేలలేదు.

అదే కాలంలో సరస్సులు పచ్చబడటానికి కారణం భాస్వరమా, కాదా అన్న చర్చ ముదిరింది. 1973లో కెనడాలో ఒక సరస్సును తెరతో రెండుగా విడదీశారు. ఒక వైపు కార్బన్, నత్రజని మాత్రమే వేశారు, రెండో వైపు వాటికి భాస్వరం జోడించారు. భాస్వరం పడిన వైపే పచ్చబడింది. ఇక ఏ నేల నుంచి ఎంత భాస్వరం దిగుతుందన్నది ప్రధాన ప్రశ్న అయింది. కెనడాలోని దక్షిణ ఒంటారియోలో చేసి 1975లో వెలువరించిన కొలతల ప్రకారం, గ్రానైట్ లాంటి అగ్నిశిలల మీది అడవి నుంచి భాస్వరం అతి తక్కువగా వస్తుంది. అవక్షేప శిలల మీది అడవి నుంచి అంతకు సుమారు రెట్టింపు. అడవిలో కొంత భాగం పచ్చికబయలైతే ఇంకా పెరుగుతుంది.

సరస్సు వయసు పెరిగేకొద్దీ పోషకాలు పోగుపడి తీరతాయన్న పాత నమ్మకాన్ని అలాస్కాలోని గ్లేసియర్ బే దెబ్బతీసింది. అక్కడ మంచు వెనక్కి తగ్గిన కొద్దీ కొత్త నేల బయటపడుతుంది. మొదట ఆల్డర్ పొదలు, తర్వాత దేవదారు లాంటి స్ప్రూస్ చెట్ల అడవి వస్తాయి. 2000లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మట్టి, అడవి ముదిరేకొద్దీ సరస్సుల నీటిలో లవణాలు పలచబడ్డాయి, ఆమ్లగుణం పెరిగింది, నీళ్ళు గోధుమ రంగుకు తిరిగాయి. నత్రజని కూడా ఆల్డర్ దశలో పెరిగి ఆ తర్వాత తగ్గింది.

అదే ఏడాది కెనడాలోని క్విబెక్ సరస్సుల మీద వచ్చిన అధ్యయనం అడవుల నిర్వహణకు నేరుగా పనికొచ్చేది. పరీవాహక ప్రాంతంలో చెట్లు నరికిన సరస్సుల్లోనూ, అడవి కాలిన సరస్సుల్లోనూ భాస్వరం మామూలు వాటికన్నా రెండు మూడు రెట్లు ఉంది. నైట్రేట్ బాగా పెరిగింది కాలిన చోట, గోధుమ రంగునిచ్చే సేంద్రియ పదార్థం పెరిగింది నరికిన చోట. సరస్సు పరిమాణంతో పోలిస్తే దానికి నీరు పంపే నేల ఎంత పెద్దదైతే, అందులో ఎంత భాగం దెబ్బతింటే, మార్పు అంత ఎక్కువ. ఒడ్డున సన్నటి చెట్ల వరుస వదిలేసి సరస్సును కాపాడామనుకోవడం సరిపోదని ఈ ఫలితాలను బట్టి గట్టిగా అనగలను.

1990ల నుంచి ఉత్తర ఐరోపాలో, ఉత్తర అమెరికా తూర్పు భాగంలో చాలా సరస్సులు గోధుమ రంగుకు తిరుగుతున్నాయి. పొగగొట్టాల గంధకం తగ్గి వాన ఆమ్లగుణం కోల్పోవడంతో, మట్టిలో బిగిసి ఉన్న సేంద్రియ పదార్థం తేలికగా కరుగుతోందన్నది 2007లో వచ్చిన ప్రధాన వివరణ. వాతావరణ మార్పు, పెరిగిన స్ప్రూస్ తోటల పాత్ర మీద చర్చ ఇంకా నడుస్తోంది.