విదేశంలో కంపెనీ పెట్టే నాన్ రెసిడెంట్లు: అపోహలు, వాస్తవాలు

తాము ఉన్న దేశం వదలకుండానే మరో దేశంలో కంపెనీ రిజిస్టర్ చేయించుకోవాలనుకునేవారి కాగితాలు చూడటం నా వృత్తి. ఈ పనిలో కంపెనీని పుట్టించడమే అన్నిటికంటే తేలిక. అది పుట్టిన మరునాటి నుంచి ఏమేమి మోయాలో మాత్రం చాలామందికి ముందుగా ఎవరూ చెప్పరు. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది గట్టిగా నమ్ముతున్న కొన్ని మాటలను, వాటి వెనుక ఉన్న అసలు సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆ దేశంలో నివసించనివారు అక్కడ కంపెనీ పెట్టలేరు.

వాస్తవం: చాలా దేశాల్లో వాటాదారు ఏ దేశస్థుడైనా కావచ్చు, చిక్కు వచ్చేది సాధారణంగా డైరెక్టర్ దగ్గర, చిరునామా దగ్గర. బ్రిటన్‌లో డైరెక్టర్ అక్కడే నివసించాలన్న నియమం లేదు గానీ, కంపెనీకి అక్కడ ఒక రిజిస్టర్డ్ ఆఫీసు ఉండి తీరాలి, 2024 మార్చి నుంచి అందుకు పోస్టుబాక్సు నంబరు చెల్లదు, 2025 నవంబర్ 18 నుంచి కొత్తగా డైరెక్టర్ అయ్యే ప్రతి ఒక్కరూ ముందుగా తమ గుర్తింపును ధ్రువీకరించుకోవాలి. సింగపూర్‌లో కనీసం ఒక డైరెక్టర్ స్థానిక నివాసి కావాలి. ఐర్లాండ్‌లో యూరోపియన్ ఆర్థిక ప్రాంతంలో నివసించే డైరెక్టర్ ఒక్కరూ లేకపోతే 25,000 యూరోల బాండు, అంటే హామీ పత్రం, సమర్పించాల్సి వస్తుంది.

అపోహ: స్థానిక డైరెక్టర్‌గా ఎవరినో ఒకరిని కుదుర్చుకుంటే చాలు, ఆయన పేరుకు మాత్రమే ఉంటాడు.

వాస్తవం: చట్టం దృష్టిలో పేరుకు మాత్రమే ఉండే డైరెక్టర్ అంటూ ఎవరూ లేరు. ఇలా మీ తరఫున పేరు ఇచ్చే నామినీ అయినా మిగతా డైరెక్టర్లకు ఉన్న బాధ్యతలే ఆయనకూ ఉంటాయి, ఆయన సంతకం కంపెనీని కట్టిపడేస్తుంది. బాధ్యత తెలిసిన నామినీ కాబట్టే మీ ఖాతా పుస్తకాలు అడుగుతాడు, నష్టపరిహార ఒప్పందం రాయించుకుంటాడు, అర్థం కాని కాగితం మీద సంతకం చేయడు. ఏమీ అడగకుండా అన్నిటికీ సరేననే నామినీ దొరికితే సంతోషించకండి, భయపడండి.

అపోహ: కంపెనీ ఎక్కడ రిజిస్టర్ అయితే పన్ను అక్కడే కట్టాలి, నా దేశానికి సంబంధం లేదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. చాలా దేశాల పన్ను చట్టాలు కంపెనీ ఎక్కడ రిజిస్టర్ అయిందన్న ప్రశ్నతో ఆగవు. దాని కీలక నిర్ణయాలు ఎవరు, ఎక్కడ కూర్చుని తీసుకుంటున్నారని కూడా అడుగుతాయి. ఒక్కరే యజమాని, ఒక్కరే డైరెక్టర్ అయి, ధర నిర్ణయించడం నుంచి ఒప్పందం మీద సంతకం పెట్టడం వరకూ అంతా తన ఇంటి గదిలోంచే చేస్తున్నప్పుడు, ఆ గది ఉన్న దేశం ఈ కంపెనీ పన్ను విషయంలో మాదేనని అనడానికి పూర్తి ఆస్కారం ఉంటుంది. రెండు దేశాలూ అలా అన్నప్పుడు వాటి మధ్య పన్ను ఒప్పందం ఉంటే అది తేలుస్తుంది. అయితే చాలా దేశాలు ఆధారంగా తీసుకునే ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) నమూనా ఒప్పందంలో 2017 సవరణ తర్వాత ఈ వివాదాన్ని రెండు దేశాల అధికారులు సంప్రదించుకుని పరిష్కరించాలి, వారికి కుదరకపోతే కంపెనీకి ఒప్పందం ప్రయోజనాలే అందకపోవచ్చు.

ఒకసారి నా ముందుకు వచ్చిన ఫైలులో బోర్డు తీర్మానాలు ఎంతో పద్ధతిగా ఉన్నాయి. ప్రతి దాని మీదా తేదీ ఉంది, సమావేశం జరిగిన స్థలంగా కంపెనీ రిజిస్టర్ అయిన నగరం పేరు ఉంది. అదే ఫైలులో ఉన్న కంపెనీ యజమాని పాస్‌పోర్టు నకలు తిప్పి చూస్తే, ఆ తేదీల్లో ఏ ఒక్కరోజూ ఆయన ఆ దేశంలో అడుగుపెట్టిన ముద్ర లేదు. ఎవరో ఇచ్చిన నమూనాను ఆయన నింపారంతే. మోసం చేయాలన్న ఆలోచన ఆయనకు లేదు. కానీ పన్ను అధికారి ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెడితే, అప్పటివరకూ పొరపాటుగా ఉన్నది తప్పుడు పత్రంగా మారుతుంది. తీర్మానం మీద సమావేశం నిజంగా జరిగిన చోటే రాయండి, దానివల్ల వచ్చే పన్నును ముందే లెక్కించుకోండి.

అపోహ: అమెరికాలో ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెడితే పన్నూ లేదు, రిటర్నులూ లేవు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇది ప్రమాదకరం. అమెరికా బయట ఉన్న ఒకే వ్యక్తి యజమానిగా ఉండి, అమెరికాలో వ్యాపార కార్యకలాపాలు గానీ అక్కడి ఆదాయం గానీ లేనప్పుడు, ఆ ఎల్‌ఎల్‌సీ లాభం మీద అక్కడి ఫెడరల్ ఆదాయపు పన్ను సాధారణంగా పడదు. అయినా యజమానికీ కంపెనీకీ మధ్య జరిగిన లావాదేవీలను 5472 అనే ఫారంలో, పేరుకు ఒక 1120 ఫారం జతచేసి, ఏటా తెలపాలి. మీరు కంపెనీ ఖాతాలో వేసిన మొదటి పెట్టుబడి కూడా అటువంటి లావాదేవీయే. తెలపకపోతే జరిమానా ఏడాదికి 25,000 డాలర్ల నుంచి మొదలవుతుంది. మూడేళ్లు వరుసగా దాఖలు చేయనివారు నా దగ్గరకు వచ్చారు. వారి కంపెనీ ఆ మూడేళ్లలో సంపాదించినదంతా కలిపినా ఒక్క ఏడాది జరిమానాకు సరిపోయేది కాదు. డెలావేర్‌లో రిజిస్టర్ చేసిన ఎల్‌ఎల్‌సీ అయితే, ఆదాయం ఉన్నా లేకపోయినా, జూన్ 1లోగా ఆ రాష్ట్రానికి వార్షిక పన్ను వేరుగా కట్టాలి. ఇక అమెరికాలో పన్ను పడని ఆ లాభం మీద మీ సొంత దేశంలో పన్ను పడుతుందా లేదా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న, చాలాసార్లు జవాబు పడుతుందనే.

అపోహ: సర్టిఫికెట్ చేతికి వస్తే బ్యాంకు ఖాతా దానంతట అదే వస్తుంది.

వాస్తవం: రిజిస్ట్రార్‌కు కావలసింది సరైన దరఖాస్తు, రుసుము, బ్యాంకుకు కావలసింది నమ్మకం. ఈ దేశంలో మీకు కొనుగోలుదారులు ఎవరు, సరుకు పంపేది ఎవరు, మొదటి సొమ్ము ఎక్కడిది, ఈ వ్యాపారానికి ఈ దేశమే ఎందుకు అని బ్యాంకు అడుగుతుంది. చివరి ప్రశ్నకు పన్ను తక్కువ కాబట్టి అన్న ఒక్క జవాబే ఉంటే దరఖాస్తు సాధారణంగా అక్కడే ఆగిపోతుంది, కారణం కూడా చెప్పరు. అందుకే నేను సంతకం చేసిన ఒప్పందం ఒకటైనా, ఇచ్చిన ఇన్వాయిస్ ఒకటైనా చేతిలో ఉన్నప్పుడే బ్యాంకు దగ్గరకు వెళ్లమంటాను. ఆన్‌లైన్ చెల్లింపు సంస్థలు ఇచ్చే ఖాతా సులువుగా దొరుకుతుంది గానీ, వాటిలో చాలావరకు బ్యాంకులు కావు. బ్యాంకు డిపాజిట్లకు ఉండే బీమా అక్కడి సొమ్ముకు నేరుగా వర్తించదు.

అపోహ: ఎస్టోనియా ఈ-రెసిడెన్సీ కార్డు ఉంటే అక్కడ నివసించవచ్చు.

వాస్తవం: 2014లో మొదలైన ఆ కార్డు డిజిటల్ సంతకం చేయడానికీ, కంపెనీని ఆన్‌లైన్‌లో నడపడానికీ మాత్రమే. అది వీసా కాదు, పౌరసత్వం కాదు, పన్ను నివాసమూ కాదు.

అపోహ: విదేశీ కంపెనీ వెనుక యజమాని పేరు ఎవరికీ తెలియదు.

వాస్తవం: బ్రిటన్‌లో 25 శాతానికి మించి వాటా ఉన్నవారి పేర్లు 2016 నుంచి బహిరంగ రిజిస్టరులో ఉన్నాయి. అంతకన్నా ముఖ్యంగా, 2017లో మొదలైన ఉమ్మడి నివేదన ప్రమాణం కింద ఇప్పుడు వందకు పైగా దేశాలు ఆర్థిక ఖాతాల వివరాలను పరస్పరం పంపుకుంటున్నాయి. అమెరికా అందులో చేరలేదు గానీ, పైన చెప్పిన 5472 ఫారం ద్వారా విదేశీ యజమానుల వివరాలు అక్కడి పన్ను శాఖకు చేరతాయి.

అపోహ: వ్యాపారం జరగకపోతే కంపెనీని అలా వదిలేయవచ్చు, అదే పోతుంది.

వాస్తవం: పోతుంది, కానీ ఉన్నది కూడా పట్టుకుపోతుంది. బ్రిటన్‌లో ఏ లావాదేవీ లేని ప్రైవేటు కంపెనీ కూడా ఏటా లెక్కలు, కంపెనీ వివరాలు సరిగ్గానే ఉన్నాయని చెప్పే ధ్రువీకరణ ప్రకటన దాఖలు చేయాలి. లెక్కలు ఆరు నెలలకు మించి ఆలస్యమైతే జరిమానా 1,500 పౌండ్లు, వరుసగా రెండో ఏడాదీ ఆలస్యమైతే అది రెట్టింపు. రిజిస్ట్రార్ కంపెనీ పేరు కొట్టివేసిన రోజున దాని ఖాతాలో మిగిలిన సొమ్ము, దాని పేరున ఉన్న డొమైన్, ట్రేడ్‌మార్కు అన్నీ యజమాని లేని ఆస్తిగా రాజరికానికి చేరతాయి. కంపెనీని తిరిగి నిలబెట్టించుకోవడానికి ఆరేళ్ల గడువు ఉంటుంది, అయితే బాకీ ఉన్న లెక్కలూ జరిమానాలూ ముందుగా తీర్చాలి. మూసివేయాలనుకుంటే మూడు నెలల ముందే వ్యాపారం ఆపి, అప్పులు తీర్చి, ఖాతా ఖాళీ చేసి, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టి, దాని నకలును ఏడు రోజుల్లోగా రుణదాతలకూ వాటాదారులకూ పంపాలి.