లిల్లీలను తినే ఎర్ర పెంకు పురుగు: అపోహలు - వాస్తవాలు

మే నెల మొదలైందంటే బోస్టన్ శివార్లలో మేము నడిపే నర్సరీకి జిప్‌లాక్ సంచుల్లో లిల్లీ ఆకులు వస్తూనే ఉంటాయి. ఆకు అడుగున తడిగా, నల్లగా అంటుకున్న ముద్దను చూపించి, తెచ్చినవారిలో చాలామంది అది పిట్ట రెట్ట అనో, బురద చింది పడిందనో అంటారు. అన్ని అపోహల్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే.

అపోహ: ఆకు అడుగున ఉన్నది పిట్ట రెట్ట, వాన పడితే పోతుంది.

వాస్తవానికి అది లిల్లీలను తినే ఎర్ర పెంకు పురుగు పిల్ల. తన పెంటనే వీపు మీద కప్పుకొని తిరగడం వల్ల పక్షులు దాని జోలికి రావు, మనమూ ముట్టుకోము. కిందటి ఏడాది, గుంటూరు నుంచి కూతురి దగ్గరకు వచ్చిన ఒక పెద్దావిడ అలాంటి ఆకునే తెచ్చి, "రోజూ పైపుతో కడుగుతున్నానమ్మా, రెండు రోజులకే మళ్లీ ఉంటోంది" అని బాధపడ్డారు. "పిన్నిగారూ, ఇలా చూడండి" అని పుల్లతో ఆ ముద్దను పక్కకు తీస్తే, నల్లని తల, నారింజ రంగు ఒళ్లు ఉన్న పురుగు బయటపడింది. అప్పటికీ అది ఆకు కొరకడం ఆపలేదు. ఆవిడ మొక్కల్లో అప్పటికే సగం ఆకులు పోయాయి.

తల్లి పురుగులు కూడా ఆకులు తింటాయి కానీ, మొక్కను మోడు చేసేది పిల్ల పురుగులే. చలికాలం మట్టిలోనో, రాలిన ఆకుల కిందో గడిపిన తల్లి పురుగు లిల్లీ మొలకలు రాగానే బయటికి వచ్చి, ఆకు అడుగున నారింజ రంగు గుడ్లను వరుసగా పెడుతుంది. ఒక్క పురుగే ఆ కాలంలో 200కు పైగా గుడ్లు పెట్టగలదు. వారం పది రోజుల్లో అవి పొదుగుతాయి; పిల్లలు రెండు మూడు వారాలు తిని, మట్టిలోకి దిగి, పెద్ద పురుగుగా మారే కోశస్థ దశకు చేరతాయి. అందుకే ఏప్రిల్ చివరి నుంచి వారానికి రెండుసార్లయినా ప్రతి ఆకునూ తిప్పి చూసి, గుడ్లను వేలితో నలిపేయాలని నేను ప్రతి ఒక్కరినీ బతిమాలుతాను. పై ఆకుల మీద కనిపించే ఎర్ర పురుగులనే ఏరుతూ, అడుగున గుడ్లను వదిలేసి, నేను మొదటి ఏడాది ఒక వరుస ఓరియంటల్ లిల్లీలను పూర్తిగా పోగొట్టుకున్నాను.

అపోహ: ఎర్రగా ఉంది కనుక అది అక్షింతల పురుగు, మేలే చేస్తుంది.

అక్షింతల పురుగు గుండ్రంగా ఉంటుంది, సాధారణంగా మచ్చలుంటాయి. ఇది పొడవుగా, మచ్చల్లేకుండా, నల్లని కాళ్లతో 6 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంటుంది. ముట్టుకోబోతే నేల మీద వెల్లకిలా పడిపోతుంది, నల్లని పొట్ట మట్టిలో కలిసిపోతుంది. కనుక ముందే సబ్బు నీళ్ల డబ్బాను దాని కింద పట్టుకుని తట్టాలి.

అపోహ: లిల్లీ అన్న పేరున్న ప్రతి మొక్కకూ ఇది పడుతుంది.

ఇది గుడ్లు పెట్టి పెరిగేది లిలియం (అసలు లిల్లీలు), వాటికి దగ్గరి బంధువైన ఫ్రిటిల్లేరియా జాతుల మీదనే. డే లిల్లీలు పేరుకే లిల్లీలు, వాటిని భయంతో పీకేయవద్దు. మన ఊళ్లలో లిల్లీ పూలని పిలిచే నేల సంపెంగకూ దీనితో సంబంధం లేదు.

అపోహ: గట్టి మందు ఒక్కసారి కొడితే చాలు.

వేపనూనె పనిచేసేది పిల్ల పురుగులు చిన్నగా ఉన్నప్పుడే, అదీ ఐదు నుంచి ఏడు రోజులకొకసారి ఆకు అడుగు తడిసేలా కొడితే. స్పినోసాడ్ అనే పురుగుమందు కూడా పనిచేస్తుంది కానీ, తడి ఆరేవరకు అది తేనెటీగలకు ప్రమాదం కనుక పూత మీద కొట్టకుండా, సాయంత్రం వేళ మాత్రమే వాడాలి.

మందులతో పాటు మరో ఆశ కూడా ఉంది. 1992లో బోస్టన్ పక్కనే ఉన్న కేంబ్రిడ్జి పట్టణంలో కనిపించిన ఈ పురుగును అదుపు చేయడానికి, రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు యూరప్ నుంచి తెచ్చిన టెట్రాస్టికస్ సెటిఫర్ అనే చిన్న పరాన్నజీవి కందిరీగలను 1999లో బోస్టన్ దగ్గరి వెల్‌స్లీలో వదిలారు. పిల్ల పురుగుల లోపలే గుడ్లు పెట్టే ఆ కందిరీగలు చలికాలం లిల్లీల మొదళ్ల మట్టిలోనే గడుపుతాయి కాబట్టి, అక్కడ శరదృతువులో తవ్వకండి.

ఆకులు సగం పోయిన లిల్లీని తెచ్చి, పీకేయాలా అని కంటనీరు పెట్టుకున్నవారు ఉన్నారు. పీకవద్దు. పురుగులను ఏరేసి, మిగిలిన ఆకులను, కాడను అలాగే ఉంచండి. దుంప తిరిగి బలం పుంజుకోవడానికి ఆ కాస్త పచ్చదనమే ఆధారం.